మా అత్త పచ్చిక, మేనేజరుగారి కుక్క

మా మామయ్యకు ఎడమ చెవి వినపడదు. అది పుట్టుకతో వచ్చిన లోపం కాదు. పెళ్లయిన కొత్తలో కూరలో ఉప్పెక్కువైందని ఆయన మా అత్త చెంప మీద కొట్టాడట. ఆవిడ చేతిలో ఇనుప గరిటె ఉంది. దాన్ని తిప్పి అప్పటికప్పుడే చెవి మీద ఇచ్చింది. ఆ తరువాత ఆయన జన్మలో ఆవిడ మీద చెయ్యెత్తలేదు, ఉప్పు మాటా ఎత్తలేదు. ఈ సంగతి చెప్పి మా నాన్న పడీపడీ నవ్వేవాడు. నవ్వేముందు ఒకసారి అటూ ఇటూ చూసుకునేవాడు, చెల్లెలు చుట్టుపక్కల ఉందేమోనని.

మా మేనత్తది నోటికంటే ముందు చెయ్యి లేచే తత్వం. పాలలో నీళ్లు కలిపాడని పాలవాడి క్యాను వాడి నెత్తినే బోర్లించింది. బస్సులో నా వీపు మీద చెయ్యి వేసినవాడి వేలు విరిచి, వాడు దిగాల్సిన స్టాపు రాకముందే దింపేసింది. కొట్టినవాడు తిరిగి తినాలి, తినకపోతే మళ్లీ కొడతాడు. ఇదొక్కటే ఆవిడ నేర్చుకున్న చదువు. నేనిదంతా ఆవిడను పొగడటానికి రాయడం లేదు. ఆవిడ చేతి దెబ్బలు నేనూ తిన్నాను. చీపురుతో, చెప్పుతో, ఒకసారి తడిగుడ్డతో. తడిగుడ్డ దెబ్బ ఎంత మంటో తిన్నవాళ్లకే తెలుస్తుంది.

ఒక సిమెంటు కంపెనీ అతిథి గృహం ముందున్న పచ్చికను పెంచడం ఆవిడ ఉద్యోగం. మామయ్య అక్కడే గేటు దగ్గర కాపలా. నేను వెనక గదిలో దుప్పట్లు, దిండు గలీబులు ఇస్త్రీ చేసేదాన్ని. నా బల్ల ముందు కిటికీలోంచి పచ్చిక అంతా కనపడేది కాబట్టి ఇదంతా నేను కళ్లారా చూసిందే. పంపు గది వెనక వాళ్లిద్దరికీ ఒక గది ఇచ్చారు. ఒక మంచం, ఒక స్టవ్వు, సగం అద్దం పోయిన కిటికీ. పచ్చిక బాగున్నంత వరకే ఆ గది వాళ్లది. పిల్లాజెల్లా లేని మనుషులు, వేరే గూడు లేదు.

ఆ గడ్డిని ఆవిడ ముక్కముక్కగా గుచ్చి నాటింది. మధ్యలో తుంగ మొలిస్తే వేళ్లతో సహా పీకి, పగవాడి జుట్టు చేతికి దొరికినట్టు నేలకేసి కొట్టేది. కోత మిషను కింద రాయి పడితే ఆ రాయికి తాతముత్తాతల దాకా తిట్లు. అంత కోపిష్టి మనిషి చేతి కింద గడ్డి అంత మెత్తగా ఎలా పెరిగేదో నాకిప్పటికీ అర్థం కాదు.

కొత్త మేనేజరు వచ్చాడు. ఆయనతో గోధుమరంగు ఆడకుక్క వచ్చింది. దాన్ని ఆయన "తల్లీ" అని పిలిచేవాడు. మమ్మల్ని "ఏయ్" అనేవాడు. పొద్దున్నే గొలుసు విప్పి పచ్చిక మీదికి వదిలేవాడు. మగకుక్క అయితే గోడో స్తంభమో చూసుకుని తలా కాస్త పోసేది. ఇది మెత్తటి చోటు వెతుక్కుని, నడుము వంచి కూర్చుని, ఉన్నదంతా ఒక్కచోటే పోసేది. కొన్నాళ్లకు అక్కడక్కడ పళ్లెమంత పసుపు మచ్చలు లేచాయి. మచ్చ నడుమ గడ్డి చచ్చిపోయినా, దాని అంచు చుట్టూ మాత్రం మిగతా గడ్డికంటే ఏపుగా, ముదురుపచ్చగా ఉండేది. ఆ వింత అత్త కంట పడింది గానీ బుర్రకెక్కలేదు.

మచ్చలు చూసి మేనేజరు మామయ్యను పిలిపించాడు. త్వరలో ఛైర్మన్‌గారు వస్తున్నారనీ, విందు పచ్చిక మీదేననీ, అప్పటికీ ఇలాగే ఉంటే గది ఖాళీ చేసి పొమ్మనీ చెప్పాడు. మామయ్య నోట్లో నాలుక లేని మనిషి. కుక్క వల్లేమోనండీ అని మాత్రం అన్నాడు. మేనేజరు చేతిలో ఉన్న కుక్క గొలుసుతోనే ఆయన మొహం మీద కొట్టాడు. పెదవి చిట్లి రక్తం చొక్కా మీదికి కారింది.

నేను ఇస్త్రీ పెట్టె వదిలేసి పరిగెత్తేసరికి అత్త కొడవలి పట్టుకుని బయలుదేరింది. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. మామయ్య నేల మీద పడి ఆవిడ రెండు కాళ్లూ వాటేసుకున్నాడు.

"వద్దే. ఈ వయసులో ఏ గోడ కింద పడుకుంటాం?" అని ఏడ్చాడు.

ఆవిడ కొడవలి దించింది. ఒక దెబ్బకు బదులివ్వకుండా ఆగడం ఆవిడకు అదే మొదటిసారి. ఆపుకున్న దెబ్బ ఎక్కడికో ఒకచోటికి పోవాలి కదా. కుక్క మీదికి మళ్లింది.

మొదట గడ్డి మీద కారప్పొడి చల్లింది. కుక్క రెండు తుమ్ములు తుమ్మి, కారం లేని చోటు చూసుకుని కూర్చుంది. గాలి తిరిగి కళ్లు మండింది మా అత్తకే. పైపుతో నీళ్లు మొహాన కొడితే అది ఆటనుకుని నీళ్లను కరవబోయింది. రాళ్లు విసిరింది. ఒక రాయి తగిలి చెవి చీలింది, కుంయ్ మని వెళ్లిపోయి, మర్నాడు తోక ఊపుకుంటూ మళ్లీ వచ్చింది.

మరోపక్క మచ్చలకు వైద్యం సాగింది. గడ్డి పసుపెక్కితే యూరియా చల్లాలి. ఇన్నేళ్లూ ఆవిడ అదే చేసింది, ఇన్నేళ్లూ గడ్డి పచ్చబడింది. అందుకని ప్రతి మచ్చ మీదా గుప్పెడు చల్లింది. మచ్చ పెద్దదైంది. చాల్లేదనుకుని ఇంకా చల్లింది. పళ్లెమంతది చాటంత అయింది. గడ్డి వేళ్లతో సహా మాడి తుప్పురంగుకు తిరిగింది. చల్లినకొద్దీ మాడింది, మాడినకొద్దీ కుక్క మీద కసి పెరిగింది. విందు దగ్గర పడుతోంది. మామయ్య గదిలో సామాను చూసుకుని నిట్టూర్చడం మొదలుపెట్టాడు.

మేనేజరు ఊళ్లో లేని ఒక మధ్యాహ్నం కుక్క గొలుసు విడిపించుకుని, అత్త కొత్తగా నాటిన మూలకు పోయి కూర్చుంది. ఆకులు లాగే పళ్ల ఇనుపకర్ర అత్త చేతిలో ఉంది. మొదటి దెబ్బ నడుం మీద పడింది. కుక్క అరవలేదు. ఎవరా అన్నట్టు వెనక్కి తిరిగి చూసింది. రెండో దెబ్బ తుంటి మీద పడినప్పుడు ఎండుకట్టె విరిగిన శబ్దం నా కిటికీ దాకా వచ్చింది. అప్పుడు అరిచింది. ముందుకాళ్లతో పాకుతూ పారిపోబోయింది. అత్త వెంటపడి కొట్టింది, కొడుతూనే ఉంది. మేనేజరును అనాల్సిన మాటలన్నీ దాన్ని అంటూ కొట్టింది. నేను వెనక నుంచి నడుం పట్టుకుని లాగితే మోచేత్తో నా ముక్కు మీద పొడిచింది. నా రక్తం గడ్డి మీద పడింది. అది చూశాకే ఆవిడ చెయ్యి ఆగింది.

ఆవేళ నాకు మా అత్తంటే అసహ్యం వేసింది.

ఏదో బండి గుద్దేసి పోయిందని మామయ్య మేనేజరుకు అబద్ధం చెప్పాడు. పశువుల డాక్టరు వచ్చి చూసి, ఎముక అతకదనీ, వెనక కాళ్లు ఇక లేవవనీ చెప్పి వెళ్లాడు. వెనక వరండాలో ఒక గోనె పరిచి దాని మీద పడేశారు. మేనేజరు మొదట్లో రోజూ వచ్చి తల్లీ తల్లీ అన్నాడు. తరువాత వాసనేస్తోందని ముక్కు మూసుకుని అటువైపు రావడమే మానేశాడు.

కుక్క వరండా దాటి కదల్లేదు. పచ్చిక మీద మచ్చలు మాత్రం పెరుగుతూనే ఉన్నాయి.

ఒక పొద్దున అత్త ఆ మచ్చల మధ్య గొంతుక్కూర్చుని ఎంతకీ లేవలేదు. తరువాత ఒక చేతిలో మచ్చలో తవ్విన తడిమట్టి, ఇంకో చేతిలో కుక్క కింది గోనె పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. రెండూ నా ముక్కు దగ్గర పెట్టి వాసన చూడమంది. రెండిట్లోనూ ఒకటే ఘాటు, కళ్లలో నీళ్లు తిరిగే ఘాటు.

"దాని ఉచ్చలో ఉన్నదీ, నా బస్తాలో ఉన్నదీ ఒకటేనే అమ్మాయ్" అంది. "కాస్త పడితే బలం, ఎక్కువ పడితే మంట. అందుకే అంచులు ఏపుగా ఉన్నాయి, నడుమ చచ్చింది. అది పోసింది చారెడు. నేను పోసింది బస్తాలు."

పుండు మీద కారం చల్లుకుంటూ, మంట తగ్గలేదని కుక్క నడుం విరగ్గొట్టిన మనిషి నా ఇస్త్రీ బల్ల పట్టుకుని నిలబడింది. నేనేమీ ఓదార్చలేదు. ఓదార్చాలని అనిపించలేదు.

ఆ రోజు నుంచి యూరియా ముట్టలేదు. మాడిన గడ్డి పీకేసి, పైమట్టి ఎత్తి పారబోసి, పైపు పెట్టి నేల తాగినన్ని నీళ్లు వదిలింది. ఘాటంతా అడుక్కి దిగిపోయిందని మట్టి వాసన చూసి తేల్చుకున్నాక, మంచి చోట నుంచి గడ్డి ముక్కలు కోసి తెచ్చి గుచ్చింది. పంపు గది పక్కన కంకర పోసిన మూల ఒకటుంది. కుక్కను అక్కడికి మోసుకుపోయి, పాత తువ్వాలు పొట్ట కింద వేసి, వెనక భాగం పైకి ఎత్తి పట్టుకునేది. దాని పని కాగానే ఆ చోట బక్కెట్టు నీళ్లు కుమ్మరించేది. ఈ పనేదో మొదట్లోనే చేసి ఉంటే, దాన్ని కంకరకు అలవాటు చేసి, గడ్డి మీద పోసినప్పుడల్లా వెంటనే ఒక బక్కెట్టు నీళ్లు పోసి ఉంటే, ఒక్క మచ్చ కూడా లేచేది కాదు. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకుంది.

కుక్క ఊరుకునేది కాదు. ఎత్తిన ప్రతిసారీ మెడ తిప్పి ఆవిడ ముంజేయి కరిచేది. దానికి సూదులన్నీ వేయించి ఉన్నాయి కాబట్టి సరిపోయింది. రక్తం కడుక్కుని మళ్లీ ఎత్తేది.

ఛైర్మన్‌గారు వచ్చేసరికి పచ్చిక ఎక్కడా అతుకు తెలియకుండా కమ్ముకుంది. ఆయన వంగి చేత్తో నిమిరి చూశాడట. మేనేజరు తన పర్యవేక్షణ గురించి చెప్పుకున్నాడు. అతిథులు వెళ్లిపోయాక గది మీదేలే అని మామయ్యతో అన్నాడు. మామయ్య ఆ మాట నాతో చెబుతూ ఏడ్చాడు, అదీ సంతోషంతో.

మర్నాడే మేనేజరు మామయ్య చేతికి ఒక గోనెసంచి ఇచ్చాడు. కుంటిదాన్ని అందులో వేసి నీళ్ల తొట్టిలో ముంచెయ్యమన్నాడు. సాయంత్రానికి కొత్త కుక్కపిల్ల వస్తోందిట. మామయ్య సంచి పట్టుకుని వస్తుంటే అత్త లాక్కుంది. తిన్నగా పచ్చిక మీద పేపరు చదువుకుంటున్న మేనేజరు ఎదుటికి వెళ్లి ఖాళీ సంచి ఆయన ముందు పడేసింది.

"దీని నడుం విరగ్గొట్టింది బండి కాదు. నేను" అంది.

ఆయన మండిపడతాడనుకున్నాను. ఆయన పేపరు మడిచాడు.

"మరింకేం. మొదలుపెట్టింది నువ్వే కదా, నువ్వే ముగించు. గది నీకుంటుంది."

అత్త ఆయన మొహంలోకి చూసింది. తరువాత చెంప మీద కొట్టింది. కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు. లేస్తూనే బూటుకాలితో ఆవిడ పొట్టలో తన్నాడు. ఆవిడ గడ్డి మీద ముడుచుకుపోతే మొహం మీద తన్నాడు. ముందుపళ్లు ఊడి పడ్డాయి. కొత్త కుక్కపిల్ల కోసం పక్కన పెట్టుకున్న గొలుసు చేతికి చుట్టుకుని వీపు మీద బాదడం మొదలుపెట్టాడు. అప్పుడు మామయ్య మళ్లీ నేల మీద పడ్డాడు. ఈసారి వాటేసుకున్నది మేనేజరు కాళ్లను. ఆయన తూలిన అర క్షణం అత్తకు చాలింది. పక్కనే పడున్న ఆకులు లాగే ఇనుపకర్ర అందుకుని, దాని పళ్లు ఆయనవైపు తిప్పి పిక్కలో దించింది. ఆయన కేకకు గేటు బయట జనం ఆగారు. రెండో దెబ్బకు భుజం ఎముక విరిగింది. మూడో దెబ్బ తలకు గురిపెట్టింది. నేను పరిగెత్తుకొచ్చి కర్ర పట్టుకుని వేలాడాను గనక ఆయన బతికాడు.

కేసు పెడితే ఛైర్మన్ దాకా వెళ్తుందని ఆయన పోలీసుల్ని పిలవలేదు. మా ముగ్గుర్నీ గేటు బయటికి తోయించాడు. తోపుడు బండిలో స్టవ్వు, దుప్పట్లు, వాటి మీద కుక్క. పళ్లు లేని నోట్లో గుడ్డ కుక్కుకుని అత్త బండి తోసింది. పచ్చికవైపు తిరిగి చూడలేదు.

ఇప్పుడు వాళ్లు నా ఇరుకింట్లోనే ఉంటున్నారు. వెనక వాకిలంతా కంకర, గడ్డిపరక లేదు. అత్తకు వీపు వంగదు, అయినా పొద్దునా సాయంత్రం కుక్కను ఎత్తి పట్టుకుంటుంది. అది కరుస్తుంది. ఇన్నాళ్లు తిండి పెట్టినా, ఇన్నాళ్లు మోసినా కరుస్తూనే ఉంది. ఆవిడ రెండు చేతుల మీదా పంటి గాట్లు లేని చోటు లేదు. నిన్న నాకు ఒళ్లు మండింది. మూతికి పట్టీ కట్టమన్నాను. లేదా ఒక్క దెబ్బ వెయ్యి, మళ్లీ నోరు తెరవదు, కొట్టడం నీకు చేతకాదా అన్నాను.

అత్త తువ్వాలు సర్దుకుని దాని నడుం ఇంకాస్త పైకి ఎత్తింది.

"నా మీద చెయ్యెత్తినవాణ్ని ఎవణ్నైనా నేను ఊరికే వదిలానా?" అంది. "అది మాత్రం ఎందుకు వదలాలి?"

కుక్క తన పని కానిచ్చుకుని, మెడ తిప్పి, ఆవిడ ముంజేయి పట్టుకుంది. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకోలేదు.