వేపనీళ్లకు ముందు తీసిన గుండె గీత

ఇప్పుడంటే బటన్ నొక్కితే చాలు, ఇ.సి.జి. గీత చిటికెలో బయటికొస్తోంది. తొంభైల్లో ఇ.సి.జి. తీసే ఉద్యోగంలో చేరిన వరూధిని చేతికిచ్చిన మిషన్ అంత బుద్ధిమంతురాలు కాదు. బెంగళూరు పేటల నడుమ ఆ పాత ఆసుపత్రిలో ఆమె దాన్ని బతిమాలి, మాట వినకపోతే నెత్తిన ఒకటిచ్చి పని చేయించుకునేది. కాగితం ముక్కలు కత్తిరించి, అట్టకు బంకతో అంటించి డాక్టరుకిచ్చేది. ఆ బంక వాసన తలుచుకుంటే ఇప్పటికీ ఆమెకు ప్రాణం లేచొస్తుంది.

ఒక వేసవిలో కబ్బన్‌పేట నేతపనివాడు దామోదర్‌కు అమ్మవారు పోసింది. ఆయాసమొస్తే ఆసుపత్రిలో చేర్చారు. జ్వరం దిగింది, పొక్కులు మాడాయి. మర్నాడు మంచిరోజని, ఇంట్లో వేపనీళ్లు పోయాలని తల్లి కమలమ్మ మూట కూడా కట్టేసింది. పంపేముందు గుండె గీత చూడాలన్నాడు డాక్టరు.

వరూధిని ఒంటికి తగిలించే మిషన్ ఇనుప బిళ్లలు తెచ్చేసరికి కమలమ్మ మంచానికి అడ్డం నిలబడింది.

"అమ్మ ఇంకా వాని ఒంటిమీదనే ఉండాది. ఇనుము తగిలిస్తే ఊరుకుంటాదా?"

వరూధినీ అలాంటి ఇంట్లో పెరిగిందే. నవ్వలేదు. బిళ్లల వెనక పసుపు బొట్టు పెట్టి, దణ్ణం పెట్టుకుని తగిలించింది.

గుండె పైగది కదలికకూ కిందిగది కదలికకూ మధ్య సందు పెరిగినట్టు గీతలో కనబడింది. ఇలాంటి జ్వరాల్లో ఆ సందు సాగితే గుండె ఉన్నట్టుండి నెమ్మదిస్తుందేమోనని డాక్టరు భయం. ఇంకొన్నాళ్లు ఉంచమన్నాడు. కమలమ్మ ససేమిరా అంది. కొడుకు లేచి కూర్చుని సంగటి తిన్నాడు, ఇంకేం రోగమంది.

అప్పుడు వరూధిని బయట ఎవరికీ చెప్పని మాట చెప్పింది.

"మా తమ్ముడూ ఇట్లే లేచి కూర్చున్న్యాడమ్మా. నీళ్లు పోసినాం. ఆ సాయంత్రమే పోయినాడు. నీళ్లది తప్పు గాదు. గుండెకు సోకిందని మాకు తెలీల. నీకు తెలిసి గూడా తీసకపోతావా?"

కమలమ్మ మూట విప్పేసింది.

రెండోనాడు దామోదర్ నాడి అందకుండా పోయింది. డాక్టర్లు పక్కనే ఉన్నారు కాబట్టి, గుండెను కొట్టించే కరెంటు తీగ లోపలికి వేసి ప్రాణం నిలబెట్టారు.

అతను ఇల్లు చేరాక, నీళ్లు పోసే రోజున కమలమ్మ వరూధినికి కబురు పెట్టింది. కొడుక్కి పోయడం అయ్యాక ఇంకో చెంబు ముంచింది.

"మీ తమ్ముని పేరేంది పాపా?"

వరూధిని వాళ్లింట్లో ఆ పేరు పలకడం మానేసి ఏళ్లయింది.

"లింగన్న."

కమలమ్మ ఆ పేరు చెప్పి చెంబెడు వేపనీళ్లూ నేలమీద పోసింది. "వానిగ్గూడా నెమ్మదాయెననుకో పాపా" అంది.

వరూధిని ఆ తడి బండమీదే కూర్చుని ఏడ్చింది.