పాయింట్లు పోయి పెట్టె వచ్చిన కారు

మా నాయన అంబాసిడర్ కారుకు ఒక అలవాటు ఉండేది. ఇంటి దగ్గర బుద్ధిగా బయలుదేరేది. ఊరు దాటాక, చుట్టుపక్కల చెట్టు నీడ కూడా లేని చోటు చూసుకుని ఆగిపోయేది. ఇది తొంభైల చివర్లో సంగతి. నేను తిరుపతిలో ఒక బళ్ళో టీచరుగా కొత్తగా చేరాను. నాయన అప్పటికే ఆఫీసు నుంచి రిటైరై, ఆ కారునే ఉద్యోగంగా పెట్టుకున్నాడు.

ఆగడానికి కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే: పాయింట్లు. ఇంజన్లో నిప్పురవ్వ పుట్టాలంటే డిస్ట్రిబ్యూటర్ మూత కింద రెండు చిన్న లోహపు ముక్కలు తాకుతూ, విడిపోతూ ఉండాలి. అవి మాడి నల్లబడితే రవ్వ రాదు, బండి కదలదు. నాయన బానెట్ ఎత్తి, మూత ఊడదీసి, గరుకుగా ఉండే ఉప్పు కాగితంతో వాటిని రుద్దేవాడు. మధ్యలో సందు సరిగ్గా ఉందో లేదో చూడటానికి పెళ్ళి శుభలేఖ చింపి దూర్చేవాడు. దానికోసమే చేసిన రేకులు దొరుకుతాయని ఎంతమంది చెప్పినా ఆయనకు శుభలేఖ మీదే గురి. బంధువుల శుభలేఖలన్నీ కార్లో స్టీరింగు పక్కన అరలో ఉండేవి. ఎవరైనా కార్డు ఇవ్వడానికి ఇంటికొస్తే, ముహూర్తం ఎప్పుడో చూడకముందే అట్ట అంచును వేళ్ళ మధ్య నలిపి, "బాగుండాది" అనేవాడు. ఇచ్చినవాళ్ళు మురిసిపోయేవాళ్ళు.

కారు ఆగితే నాయనకు కష్టంగా ఉండేది కాదు. నలుగురు చేరేవాళ్ళు, ఎవరో ఒకరు టీ తెప్పించేవాళ్ళు, మామిడికాయల ధర దగ్గర మొదలైన మాటలు ఎక్కడికో పోయేవి. కష్టమంతా లోపల కూర్చున్న మా అమ్మది.

చిత్తూరులో మా పెద్దమ్మ కూతురి పెళ్ళినాడు ఆ కష్టం హద్దు దాటింది. పూతలపట్టు ఇంకా రానేలేదు, కారు ఆగింది. అమ్మ పట్టుచీరలో, తలనిండా కనకాంబరాలతో, ఎండలో పెట్టెలాంటి ఆ కార్లో కూర్చుంది. నాయన వరసగా శుభలేఖలు చింపుతున్నాడు. మేం మండపం చేరేసరికి తాళి కట్టడం అయిపోయి రెండో పంక్తి భోజనాలు నడుస్తున్నాయి. పెద్దమ్మ కోప్పడలేదు. పెళ్ళి వీడియోలో నువ్వు సాంబారు దగ్గర్నుంచి కనిపిస్తావులే అని మాత్రం అన్నది. అమ్మ ఆ మాట తిరుపతి దాకా మోసుకొచ్చింది.

తర్వాతి వారం మా మామ ఇంటికొచ్చాడు. అమ్మకు తమ్ముడు, చిత్తూరులో టీవీలు బాగుచేసే అంగడి పెట్టుకున్నాడు. చేతిలో మద్రాసు నుంచి తెప్పించిన చిన్న నల్లపెట్టె ఉంది. పాయింట్లు చేసే పనిని ఇది కరెంటుతోనే చేస్తుందని, తాకడం, మాడటం, రుద్దడం ఏవీ ఉండవని చెప్పాడు.

"ఇది పెట్టినామంటే ఇంక బానెట్ ఎత్తే పనే ఉండదు బావా."

"ఎత్తే పని లేకపోతే బానెట్ ఎందుకప్పా ఉండేది?" అన్నాడు నాయన.

పాయింట్లు చెడిపోతే కంటికి కనిపిస్తాయని, ఈ పెట్టె చెడిపోతే ఎవరితో చెప్పుకోవాలని ఆయన వాదన. ఇద్దరూ చాలాసేపు వాదించుకున్నారు. చివరికి అమ్మ వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"పెట్టించుకుంటే పెట్టించుకో. లేదంటే ఇంకమీద చిత్తూరికి నేను బస్సులో పోతా. నువ్వు నీ కార్లో నిదానంగా రా."

ఆదివారం పొద్దున వాకిట్లో పని మొదలైంది. నాయన కుర్చీ వేసుకుని, తన ఇంటిని వేరేవాళ్ళు సర్దుతుంటే చూస్తున్నట్టు కూర్చున్నాడు. మామ పాయింట్లు పీకి పక్కన పెట్టాడు. వాటి చోట కొత్త సామాను బిగించి, పెట్టెకు తీగెలు కలిపాడు. తాళంచెవి తిప్పే పని నాకిచ్చారు. తిప్పాను. ఇంజన్ ఉలకలేదు. బానెట్ కింద నుంచి సన్నగా పొగ లేచింది, ఏదో కాలిన వాసన వచ్చింది.

మామ తీగెలన్నీ తడిమి చూసి, బ్యాటరీ దగ్గర ఆగిపోయాడు.

"ప్లస్సు తీగెను బాడీకి బిగించినావేంది బావా? బాడీకి మైనస్ గదా ఉండాల్సింది. పెట్టె కాలిపోయింది."

"ఈ బండి పుట్టినప్పటి నుంచీ అంతే. పాతవి శానా అట్లే ఉండేవి."

"ముందే చెప్పకూడదా?"

"నువ్వు అడిగినావా?"

నాయనకు గుర్తు రాలేదో, కావాలనే చెప్పలేదో ఇప్పటికీ నాకు తెలియదు. అమ్మకు మాత్రం ఏ సందేహమూ లేదు. లోపలికి వెళ్ళి ఒకే గ్లాసు కాఫీ తెచ్చి, నాయన ముందు నుంచే నడుచుకుంటూ పోయి తమ్ముడి చేతికిచ్చింది. మామకు ఆ కాఫీ తాగాలో వద్దో అర్థం కాలేదు. నాయన లేచి, ఇంకో పెట్టె తనే వెళ్ళి తెస్తానన్నాడు.

పాత పాయింట్లు మళ్ళీ బిగించుకుని, బావా బామ్మర్దులిద్దరూ ఆ కార్లోనే మద్రాసు వెళ్ళారు. విచిత్రమేమిటంటే ఆ రోజు కారు పోయేటప్పుడు ఆగలేదు, వచ్చేటప్పుడు ఆగలేదు. పుత్తూరు, నగరి ఎప్పుడు దాటామో కూడా తెలియలేదని నాయన ఇంట్లోకి అడుగు పెడుతూనే చెప్పాడు. మామ నీరసంగా అరుగు మీద కూలబడ్డాడు. బావ దీన్ని ముందే బుజ్జగించి పెట్టుకున్నాడని నాతో అన్నాడు.

ఈసారి నాయన కుర్చీ వేసుకోలేదు, చొక్కా విప్పి తనే వంగాడు. మైనస్ బాడీకి వచ్చేలా బ్యాటరీ తిప్పి పెట్టారు. రవ్వకు కరెంటు అందించే కాయిల్ తీగెలు అటువి ఇటు మార్చారు. దిక్కు మారిన సంగతి బ్యాటరీని నింపే డైనమోకు తెలియాలని దానికో తీగె తాకించారు. నేను తాళంచెవి తిప్పానో లేదో, ఇంజన్ అందుకుంది. ఆపి మళ్ళీ తిప్పాను, మళ్ళీ అందుకుంది. నాయన ముఖంలో సంతోషం, అవమానం రెండూ ఒకేసారి కనిపించాయి.

మరుసటి ఆదివారం చిత్తూరులో మామ ఇంటికి భోజనానికి బయలుదేరాం. చంద్రగిరి దాటేసరికి ముందు సీట్లో అమ్మ నిద్రపోయింది. ఆ కార్లో ఆమె కన్ను మూయడం నేను అంతకుముందు చూడలేదు. నాయన మాత్రం రోడ్డును వదిలి, స్టీరింగు ముందున్న గడియారంలాంటిదాన్ని మాటిమాటికీ చూస్తున్నాడు. బ్యాటరీ నిండుతున్నదీ తరుగుతున్నదీ చూపించే ముల్లు అది. మైనస్ వైపుకు ఒరిగిపోయి ఉంది.

"బ్యాటరీ దిగిపోతా ఉండాది పాపా," అన్నాడు వెనక్కి తిరిగి, చాలా చిన్న గొంతుతో. "మీ అమ్మకు చెప్పొద్దు."

ఇక అక్కడి నుంచి నాయన కరెంటును పొదుపు చేయడం మొదలుపెట్టాడు. కాశిపెంట్ల దగ్గర టీ అంగడివాళ్ళు ఎప్పటిలా చెయ్యెత్తారు. ఇంజన్ ఆపితే మళ్ళీ అందుకోదేమోనని ఆయన ఆగలేదు, చూపు కూడా తిప్పలేదు. హారన్ కొట్టలేదు. పూతలపట్టు దగ్గర బర్రెలు అడ్డమొస్తే, కిటికీలోంచి తల బయటపెట్టి నోటితో అదిలించాడు. అమ్మ లేస్తుందని ఆ అదిలింపు కూడా గుసగుసగానే. బర్రెలు ఆయన్ను కొంచెంసేపు చూసి, వాటికి తోచినప్పుడు కదిలాయి. నాయన చొక్కా వీపంతా తడిసిపోయింది.

మామ ఇంటి ముందు కారు నిలిపాడు గానీ ఇంజన్ ఆపలేదు. లోపలికి పరుగెత్తి మామను రెక్క పట్టుకుని తీసుకొచ్చాడు. మామ తల లోపలికి పెట్టి చూసి, నవ్వు ఆపుకున్నాడు.

"ముల్లు ఎనక రెండు తీగెలు తిప్పేది మర్సిపోయినాం బావా. బ్యాటరీ నిండతా ఉండాది. ముల్లు దాన్ని తిరగేసి సూపిస్తా ఉండాది."

ఆ మాటలకు అమ్మకు మెలకువ వచ్చింది. యాడ ఆగిందని అడిగింది. చిత్తూరు వచ్చేసినామని చెప్పాను. ఆమె నమ్మకుండా కిటికీలోంచి తమ్ముడి ఇంటిని కాసేపు చూసింది. మేమెప్పుడూ వచ్చే వేళను లెక్కలో పెట్టుకున్న అత్త ఇంకా బియ్యం కూడా కడగలేదు.

ఆ రోజు నుంచి నాయన మారిపోయాడు. కారు ఆగడం మానేసింది గనుక ఆయనే ఆపేవాడు. టీ అంగళ్ళ దగ్గర పని లేకపోయినా బానెట్ ఎత్తి, నల్లపెట్టెను చూపించి, పాయింట్లు ఎంత దండగమారివో వివరించేవాడు. పాత కార్లున్నవాళ్ళు వెతుక్కుంటూ మా ఇంటికి రావడం మొదలైంది. అలా వచ్చిన ఒకాయనకు నాయన మా వరండాలో కూర్చుని మొత్తం కథ చెబుతున్నాడు. మామ అక్కడే ఉన్నాడు.

"మా బామ్మర్ది వద్దు వద్దు అన్నాడప్పా. నేనే పట్టుబట్టి పెట్టించినాను."

మామ నోరు తెరిచి అమ్మ వైపు చూశాడు. పోనీలే అన్నట్టు అమ్మ కళ్ళతోనే సైగ చేసింది. మామ ఆ వచ్చినాయన వైపు తిరిగాడు.

"అవునన్నా. బావ మాట ఇనకుండా ఒక పెట్టె కాలబెట్టినాను గూడా," అన్నాడు.

నాయన గంభీరంగా తలూపాడు.