మా అమ్మ చెవుడుకు ఫిన్లాండ్ మిషను

మా అమ్మకు చెవుడు ఉండాది. అయితే అది తమిళానికి మాత్రమే, అదీ ఇంటి గడప లోపల మాత్రమే. తమిళనాడులో మా ఊరు గుడియాత్తం బజారులో కూరగాయలామెతో తమిళంలో బేరమాడి ఆమెను ఏడిపించి వస్తాది. గడప దాటి లోపలికొస్తే అంతే. ఇంట్లో ఎవురైనా "తణ్ణి" అని అడిగితే వినబడదు, "నీళ్లు" అంటే వినబడతాది. చిన్నప్పుడు నేనూ మా అన్నా బడి నుంచి నోటి నిండా తమిళంతో వచ్చి, మగ్గం పక్కన నిలబడి గొంతు చించుకున్నా తల తిప్పేది కాదు. దప్పికకు తట్టుకోలేక తెలుగు నేర్చుకున్నోళ్లం మేము. ఇంత చేసి, ఆమెకు తెలుగులో ఒక్క అక్షరం చదవడం రాదు. పెండ్లిపత్రిక చేతికిస్తే తలకిందులుగా పట్టుకొని, "ముహూర్తం బాగుండాది" అంటాది.

నాకు వేలూరులో పెద్దాసుపత్రి ఎదురు సందులో అనువాదాల అంగడి ఉండాది. ఒకసారి చెప్పుల ఫ్యాక్టరీ ఆయన ఒకాయన వచ్చి, "ఈ రెండు పేజీలు నార్డిక్ భాషలోకి కావాల మేడమ్" అన్నాడు. "దానికేమి సార్, చేసేస్తాం" అన్నాను. అది ఒక భాష అనుకొన్నా! ఆయన అటు పోయినాక నెట్‌లో వెతికితే కళ్లు తిరిగినాయి. స్వీడిష్, నార్వీజియన్, డేనిష్ ఒక తల్లి బిడ్డలంట. ఎవురి మాట వాళ్లు మాట్లాడినా మిగతావాళ్లకు చాలావరకు తెలిసిపోతాదంట, డెన్మార్కోళ్లు మాటల్ని మింగేస్తారని మాత్రం ఆ ఇద్దరూ సణుగుతారంట. నార్వేను డెన్మార్క్ రాజులు తరాల తరబడి ఏలినందుకు, నోట్లో సొంత మాట, కాగితం మీద డేనిష్ అయిపోయిందంట. తరవాత రోషమొచ్చి సొంత రాత చేసుకోబోయి, ఒకటి కాదు, రెండు చేసుకొని కూర్చున్నారంట. ఐస్‌లాండోళ్లు సముద్రం నడుమ పాత మాటను అట్నే దాచిపెట్టుకున్నారంట. ఫిన్నిష్ అయితే ఆ కుటుంబమే కాదు. పక్కింట్లో కాపురముంటే చుట్టమైపోతారా? ఏ దేశానికి అని కాదు, ఏ భాషకు అని అడగాలని ఆ రోజు నా చెవి నేనే మెలేసుకున్నా.

ఇంత తెలిసిన దాన్ని, నా సొంత ఇంట్లో ఏం చేసినానో చెప్తా.

మా అన్న కూతురు వేలూరు కాలేజీలో చదివేటప్పుడు, ఫిన్లాండ్ నుంచి చదవడానికి వచ్చిన ఒక పిల్లోడు దానికి స్నేహితుడైనాడు. ఒకసారి స్నేహితుల గుంపుతో మగ్గాలు చూస్తామని మా ఇంటికి వచ్చినాడు కూడా. మంచి పిల్లోడు. ఊరోళ్లను సంతోషపెట్టాలని తమిళం నేర్చుకొని వచ్చి, మా అమ్మ ముందు చేతులు కట్టుకొని "పాట్టి, తణ్ణి కుడుంగ" అని అవ్వను నీళ్లడిగినాడు. మా అమ్మ కిటికీ బయట కాకిని చూస్తా ఉండాది. ఇంకొంచెం గట్టిగా అడిగినాడు. కాకి ఎగిరిపోయింది, ఆమె ఖాళీ కొమ్మను చూస్తా కూర్చుంది. పాపం, నోరెండిపోయి పోయినాడు.

కొన్నాళ్లకు మా పిల్ల బయటపెట్టింది, చేసుకుంటే వాణ్నే చేసుకుంటానని. మా అన్న ఒకటే మాట అన్నాడు, "మీ అవ్వ ఊ అంటే నేనూ ఊ." అమ్మ కులం అడగలేదు, ఆస్తి అడగలేదు. "వాళ్లింట్లో ఏం మాట్లాడతారంట?" అంది. "ఫిన్లాండ్ కదమ్మా, ఫిన్నిష్ మాట్లాడతారు" అన్నాను నేను, పండితురాలి మాదిరి. "అయితే వద్దు. దీని బిడ్డ రేపు నన్ను ఏమని పిలస్తాది? నాకు తెలీని మాటతో నా ముని మనవడు నా ఇంట్లో తిరగాలా?" అని లేచి పోయింది. మా పిల్ల అన్నం మానేసింది.

ఆ పిల్లోడి తల్లి, ఒకసారి వచ్చి మా అమ్మను చూసి మాట్లాడతానని కబురు చేసింది. ఆమెను సంతోషపెడితే అమ్మ మనసు కరుగుతాదేమో అని ఏర్పాట్లు నేనే నెత్తికెత్తుకున్నా. ఫిన్నిష్‌లో స్వాగతానికి "టెర్వెటులోఆ" అంటారని వెతికి పట్టినా. మా అన్న దాన్ని ఇంగ్లీషు అక్షరాల్లో బోర్డు రాయించినాడు. మా వదిన తమిళ అక్షరాల్లో అరచేతిలో రాసుకుంది. పొద్దున్నుంచి ఇల్లంతా "టెర్వెటులోఆ, టెర్వెటులోఆ" అని ఒకటే గోల. మా అమ్మకు ఒక్క ముక్కా వినబడలేదు.

మా పిల్ల ఆ తల్లీకొడుకులను కాట్పాడిలో ప్యాసింజరు ఎక్కించుకొని వస్తా ఉంటే, నడుమ లత్తేరి స్టేషన్లో బండి నిలిపేసినారు. మల్లెపూలు వాడిపోయే వేళకు చేరినారు. గడపలో అందరం ఒక్క గొంతుతో అరిచినాం. ఆ తల్లి చేతులు జోడించి, ఇంగ్లీషులో మెల్లిగా అంది, "ఎంత కష్టపడి నేర్చుకున్నారు! మా ఊళ్లో అందరూ అట్లే అంటారు. మా ఇంట్లో మాత్రం మేము స్వీడిష్ మాట్లాడతాం."

మా పిల్ల నెత్తి కొట్టుకుంది. "అత్తా, నన్ను ఒక్క మాట అడగకూడదా!"

నాకు తల కొట్టేసినట్టయింది. ఫిన్లాండ్ సముద్రపు ఒడ్డున స్వీడిష్ మాట్లాడేవాళ్లు ఉంటారని ఆ చెప్పుల కాగితాలప్పుడే చదివినాను. అయినా మరిచినా! బస్సులో ఎవురైనా "మీరు తమిళమే కదా" అంటే ముక్కు మీద కోపం తెచ్చుకునే మనుషులం. చిత్తూరు పోతే "తమిళోళ్లయినా తెలుగు బాగా మాట్లాడతారే" అంటే ఆ రోజంతా కుమిలిపోయే మనుషులం. కొత్తవాళ్లు ఎవురొచ్చినా "మీ ఇంట్లో ఏం మాట్లాడతారు" అని ముందు అడగడం మా గుడియాత్తం తెలుగోళ్ల మర్యాద. కాబోయే వియ్యపురాలిని మాత్రం అడగకుండా బోర్డు రాయించినాం.

"ఏమంటాండాది ఆమె?" అని అమ్మ అడిగింది. చెప్పినాను. ఒకప్పుడు ఆ దేశాన్ని స్వీడన్ రాజులు ఏలినారని, వీళ్లు ఎన్నో తరాలుగా అక్కడే ఉన్నారని, అంగట్లో ఆ మాట, ఇంట్లో ఈ మాట అని.

"రాజులు పోయినాక కూడా మాట పోలేదా?"

"పోలేదమ్మా."

అమ్మ ఆమెకు కుర్చీ చూపించింది.

అంతా కుదురుకుంటాండాదని నేను ఊపిరి పీల్చుకునే లోపల, పిల్లోడు సంచిలో నుంచి ఒక డబ్బా తీసి, రెండు చేతులతో అమ్మకు ఇచ్చినాడు. ఎవురికీ చెప్పకుండా తెచ్చిన బహుమతి. అమ్మ తెరిచి చూసి, "ఏందే ఇది, కమ్మలా?" అంది. నేను తొంగి చూసినా. అది చెవిటి మిషను.

"నాకా చెవుడు?" అమ్మ అరుపుకు పక్కింట్లో మగ్గం ఆగిపోయింది. పిల్లోడి ముఖం సున్నం కొట్టినట్టు అయిపోయింది. మా అన్న గోడ వైపు తిరిగి భుజాలు కదిలిస్తా ఉంటే ఏడుస్తా ఉన్నాడేమో అనుకున్నా. నవ్వుతా ఉన్నాడు, దొంగ!

ఇక దాచి లాభం లేదని, ఆ తల్లికి అంతా చెప్పేసినా. మా అమ్మకు చెవుడు లేదు, ఇంట్లో తమిళం మాట్లాడితే మాత్రం వినబడదు అని. ఆమె నన్ను చూసింది, మా అమ్మను చూసింది, పొట్ట పట్టుకొని నవ్వింది. కళ్లు తుడుచుకొని చెప్పింది, "వీడు చిన్నప్పుడు ఇంట్లో ఫిన్నిష్‌లో అడిగితే నాకూ వినబడేది కాదు. మా అమ్మకూ వినబడేది కాదు."

అది అట్నే తెలుగులో చెప్పినా. అమ్మ నన్ను అనుమానంగా చూసింది. "ఏమే, ఆమె నిజంగా అట్లే అనిందా? నువ్వేమన్నా కలిపినావా?"

"ఒట్టు, ఒక్క మాట కలపలేదు."

అమ్మ ఇందాకటి అరుపుకు పిల్లోడి నోరు మళ్లీ ఎండిపోయింది కాబోలు. మా పిల్ల వాడి చెవిలో ఏదో ఊదింది. వాడు భయం భయంగా, "అవ్వా, నీళ్లు" అన్నాడు.

మోకాళ్ల నొప్పని ఎవురొచ్చినా లేవని మా అమ్మ లేచింది. తనే చెంబుతో నీళ్లు తెచ్చిచ్చి, వాడు తాగిందాకా నిలబడింది. తరవాత వియ్యపురాలి ఎదురుగా కూర్చుని, "అడగవే. బిడ్డ పుడితే ఇంట్లో ఏం మాట?" అంది నాతో.

"స్వీడిష్" అంది ఆమె.

"తెలుగు" అంది అమ్మ.

ఇద్దరూ ఒకరినొకరు గుచ్చి చూసుకున్నారు. చివరకు అమ్మే నవ్వింది. "నా మాదిరే మొండిది. సరే, ఆమె దగ్గర ఆ మాట, నా దగ్గర నా మాట. తాంబూలాలు మార్చుకోండి."

మా పిల్ల పోయి అమ్మను కరుచుకుంది. మా అన్న సిగ్గుపడతా ఆ డబ్బా చేతిలోకి తీసుకొని, "ఇది వాళ్లకు తిరిగి ఇచ్చేస్తానమ్మా, ఏమీ అనుకోవద్దు" అన్నాడు. అమ్మ లటుక్కున లాక్కుంది.

"ఉండనీరా. రేపు ఆ బిడ్డ అంత దూరం నుంచి అవ్వా అని పిలస్తే, నాకు వినబడాల కదా."