పాత సొట్ట, కొత్త సొట్ట

మా లగేజీ ఆటోకి పదకొండేళ్లు. బత్తలపల్లె దాటాక గొర్రెల మంద అడ్డమొస్తే మా ఆయన పక్కకు తిప్పాడు. బండి పోయి కల్వర్టు గోడకు గుద్దుకుంది. ఆయనకు మోకాలు వాచింది, బండి ముందు భాగమంతా లోపలికి పోయింది. గొర్రె ఒక్కటి కూడా చావలేదు. అది తలుచుకుని ఆసుపత్రిలో ఇద్దరం ఒకసారి నవ్వుకున్నాం కూడా.

నవ్వు అక్కడికే సరి. వారంలో చీనీకాయల కోత మొదలవుతుంది. తోటల నుంచి అనంతపురం మార్కెట్టుకి కాయ తోలితేనే మాకు జరుగుబాటు. రెండేళ్లుగా వానల్లేక శనక్కాయ చేలో విత్తనం కూడా చేతికి రాలేదు. బండి ఒకటే మాకు ఆధారం. పాతదానికి ఎందుకని ఆయన అన్నా వినకుండా నేనే పోరి పోరి ఏటా ఫుల్ ఇన్సూరెన్సు కట్టించేదాన్ని.

సర్వేయరు వచ్చి చూసేదాకా బండిని ముట్టుకోవద్దని ఇన్సూరెన్సు వాళ్లు చెప్పారు. దాన్ని లాగించుకెళ్లి మెకానిక్ షెడ్డులో పెట్టాం. ఆ మెకానిక్ ఏళ్లుగా తెలిసినవాడు, నన్ను వదినా అంటాడు. రిపేరుకు ఏమేం కావాలో, ఎంతవుతుందో అతనే ఎస్టిమేటు రాయాలి. మా ఆయన అతని పక్కన కూర్చుని, ఎప్పటెప్పటి సొట్టలన్నీ అందులోకి ఎక్కించాడు. కంపెనీ ఎట్లాగూ ఇస్తుంది, పన్లోపనిగా బండి కొత్తదానిలా అవుతుందని ఆశ. మెకానిక్ నసుగుతూనే రాశాడు. తర్వాత మా ఆయన నా దగ్గరికొచ్చాడు.

"సార్ వచ్చినప్పుడు నువ్వు నోరు తెరవాకు."

నేను చదివింది ఐదో తరగతి. కాగితమైతే వేలు పెట్టి చదువుతాను గానీ, ఆ బండి మీద ఏ సొట్ట ఎప్పుడు పడిందో నాకు నోటికొచ్చు. ఆ సంగతి ఆయనకు తెలుసు, అందుకే ఆ హెచ్చరిక.

సర్వేయరు పొద్దున పదకొండింటికి వచ్చాడు. ముప్పై దాటని మనిషి. బండి చుట్టూ తిరిగి ఫొటోలు తీశాడు, ఇంజను నంబరు చూశాడు. ఎస్టిమేటు చదివి, "ఇవన్నీ మొన్న తగిలినవేనా?" అని అడిగాడు.

"అన్నీ మొన్నటివే సార్," అన్నాడు మా ఆయన.

సర్వేయరు ఫోనులో ఏదో లెక్క వేసుకుని, అయితే ఇది టోటల్ లాస్ అవుతుందన్నాడు. మా ఆయన ముఖం విప్పారింది. నాకూ ప్రాణం లేచొచ్చింది. టోటల్ అంటే మొత్తం ఇస్తారనే కదా మేం అనుకునేది. మెకానిక్ మాత్రం చేతిలో ఉన్న పానా మెల్లగా కింద పెట్టేశాడు. అది చూసి ఉండబట్టలేక నేనే అడిగాను.

"టోటల్ అంటే బండి బాగయి ఇంటికొస్తాది కదా సార్?"

రాదన్నాడు. పాత బండి కాబట్టి ఇన్సూరెన్సులో రాసిన విలువే తక్కువట. రిపేరు ఖర్చు ఆ విలువలో ముక్కాలు భాగం దాటితే కంపెనీ రిపేరు చేయించదట. ఆ విలువ మా చేతిలో పెడతారు, బండి పాత ఇనుము కొనేవాళ్లకు పోతుంది. మేమే ఉంచుకుంటామంటే ఇనుము ధర పట్టుకుని మిగిలింది ఇస్తారు, బాగు చేయించుకోవడం మా తిప్పలు. ఆ దుడ్లకు ఇట్లాంటి బండి ఇంకొకటి వస్తుందా అని అడిగితే, రాదని సర్వేయరే ఒప్పుకున్నాడు. కాగితం తీసి సంతకం చోటు చూపించాడు.

మా ఆయన పెన్ను పట్టుకున్నాడు గానీ కాగితం మీద పెట్టలేదు. పెడితే బండి పోతుంది. పాత సొట్టలు తీసేయమంటే అబద్ధం బయటపడి అసలు క్లెయిమే పోతుందేమో. వాచిన కాలు మీద బరువు పడకుండా గోడకు ఆనుకుని, నేల చూస్తూ నిలబడ్డాడు.

నేను బండి వెనక్కి నడిచి డోరు మీద చెయ్యి పెట్టాను.

"ఇది మొన్నటిది కాదు సార్. మా మూడో బోరు ఎండినప్పుడు పైపులు ఏసుకొస్తాంటే జారి తగిలింది."

"ఊకుండుమే," అన్నాడు మా ఆయన.

ఊరుకోలేదు. పక్క రేకు మీద లోతుగా ఉన్నది విడపనకల్లులో ఎద్దు పొడిచింది. పైన కమ్మీ వంగింది పెళ్లి పందిరి కింద దూరించబోయి. ఆ రోజు బండిలో ఎవరెవరు ఉన్నారో కూడా చెప్పాను. చివరికి వెనక మూల దగ్గరికి వచ్చాను. మార్కెట్టులో ఎవడో గుద్ది పారిపోయాడని ఆయన ఏడేళ్లుగా తిడుతున్న సొట్ట అది.

"ఇది నా వల్లే సార్. ఊరగాయ జాడీ మీద బరువు పెట్టేకి చక్రం కింద రాయి నేనే తీసినా. బండి దొర్లుకోని పోయి గోడకు తగిలింది. మా ఆయనకు చెప్పలేదు."

మెకానిక్ దగ్గొచ్చినట్టు ముఖం తిప్పుకున్నాడు. మా ఆయన మాత్రం నా వైపు చూసి, "ఏడేండ్లు మార్కెట్టోళ్లను తిట్టినాను కదమే," అన్నాడు చిన్నగా.

సర్వేయరు నవ్వలేదు. ఈయన అన్నీ మొన్నటివే అన్నాడు కదా, ఇట్లా చెప్తే క్లెయిం ఆపేయొచ్చు, తెలుసా అని నన్నే అడిగాడు.

"తెల్దు సార్. కాయ తోలేకి ఆ బండొకటే మాకుండేది. దాన్ని కొత్తగా చేసుకోవల్లని పోయి, దాన్నే పోగొట్టుకుంటాండాము."

సర్వేయరు జేబులోంచి తాళంచెవి తీసి, దాని కొనతో ఒక్కో సొట్టనూ గీరి చూశాడు. నేను చెప్పిన వాటిలోంచి తుప్పు రాలింది. ముందు భాగంలో చిరిగిన రేకు ఇంకా తెల్లగా మెరుస్తోంది. ఒక్క దాని దగ్గరైనా నా మాట తప్పితే ఏం గతి అని ఆ తాళంచెవి వెంటే నడిచాను. తప్పలేదు. ఎస్టిమేటు మెకానిక్ చేతికిచ్చి, పాతవి కొట్టేసి మళ్లీ రాయమన్నాడు. రాశాక మళ్లీ ఫోనులో లెక్క. నేను ఆయన పెదవుల వైపే చూస్తున్నాను.

"ముక్కాలుకు లోపలే ఉంది," అన్నాడు ఆఖరికి. "రిపేరుకే రాస్తాను. బండి పాతది, మార్చే సామాన్ల ఖర్చులో దాదాపు సగం మీరే పెట్టుకోవాలి. ఇంకోసారి ఇట్లా రాయించొద్దు."

మా ఆయన చేతులు జోడించాడు. ఆ సగం ఎక్కడి నుంచి తేవాలో మా ఇద్దరికీ తెలియదు. ఆ రోజుకు ఆ మాట ఎత్తలేదు.

సర్వేయరు వెళ్లిపోయాక మా ఆయన నా వైపు చూడకుండానే, ఎన్ని దినాలు పడుతుందని మెకానిక్‌ను అడిగాడు. పది అంటే, ఏడులో కావాలన్నాడు, కాయ చెట్టు మీద ఆగదన్నాడు. కుంటుకుంటూ వెళ్లి బండి పక్కన కాలు చాపుకుని కూర్చున్నాడు. మెకానిక్ బంపరు విప్పుతుంటే, ఊడిన ఒక్కో బోల్టూ అందుకుని రేకు డబ్బాలో వేశాడు. నేను పోయి పక్కన కూర్చున్నాను. కాసేపటికి ఆ డబ్బా నా చేతికిచ్చాడు.