తుప్పు మీద రంగు

తెలంగాణ రావడానికి రెండు మూడేళ్ల ముందు నేను నాచారంలో ఒక రసాయనాల ఫ్యాక్టరీలో పనిచేసేదాన్ని. తుప్పు ఇనుమును ఎంత తినేసిందో మీటరుతో కొలిచి, ఇంకెన్నాళ్లు ఆగుతుందో చెప్పడం నా పని. ఆసిడ్ ట్యాంకు పైకి వెళ్లే ఇనుప మెట్లు ఆ పొగలకు బాగా పలచబడ్డాయి. వానాకాలం దాటవని, వెంటనే మార్చాలని రిపోర్టు రాశాను.

మేనేజరు చదివి, "ఇప్పుడు పని ఆపలేమమ్మా, రంగు వేయిస్తా" అన్నాడు. తుప్పు మీదే పచ్చరంగు పూయించాడు. నేను మళ్లీ అడగలేదు.

శ్రావణంలో ఒక మెట్టు ఊడిపోయి, రోజూ ఆ ట్యాంకు చూసుకునే ఆపరేటరన్న కిందపడ్డాడు. తుంటి విరిగింది. ఉప్పల్‌లోని దవాఖానాకు చూడ్డానికి వెళ్లాను.

"కొత్త రంగేసిన్రు గద చెల్లె, మంచిగ జేసిన్రనుకొని ధీమాగ ఎక్కిన" అన్నాడు.

"అవి ఆగవని నేను ముందే రిపోర్టులో రాశానన్నా" అన్నాను. నా తప్పు లేదని చెప్పుకోవాలనే ఆరాటం తప్ప ఆ మాటలో ఇంకేమీ లేదు.

"రోజూ పొద్దుగాల నీ ముందటికెల్లే పోతుంటి గదా. ఒక్క మాట నాకు జెప్పకపోతివి" అన్నాడు.

ఆయన మళ్లీ పనిలోకి రాలేకపోయాడు. ప్రమాదం మీద విచారణకు వచ్చిన ప్రభుత్వ అధికారులకు మేనేజరు నా రిపోర్టే తీసి చూపించి, "మా తనిఖీలు ఎంత పక్కాగా ఉంటాయో చూడండి, ఇది రాగానే మరమ్మతు కూడా చేయించాం" అన్నాడు. నేను పక్కనే నిలబడి తలూపాను.