మావయ్యగారి ఒరిజినల్ బెల్టులు

గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన మా మావయ్యగారు పాత అమెరికన్ కారొకటి కొన్నారు. దాని సీటు బెల్టులు కారుతో వచ్చిన అసలువో కావో తేల్చమని, పాత కార్ల సంగతి కాస్త తెలిసిన నన్ను పిలిచారు. భూతద్దం పట్టుకుని కారులో దూరాను. బెల్టు చివర కుట్టిన చీటీ మీద తయారీ నెల, ఏడాది కనిపించాయి. కారు తయారీకి సరిగ్గా రెండు నెలల ముందువి, అంటే ఫ్యాక్టరీలో బిగించినవే.

"అసలువేనండి మావయ్యగారూ," అన్నాను. ఆయన కళ్లు చెమర్చాయి.

మర్నాడు ఇద్దరం అమలాపురం వెళ్తుంటే కానిస్టేబుల్ కారు ఆపాడు.

"బెల్టు పెట్టుకోలేదేంటండీ?"

"ఒరిజినలండీ. పెట్టుకుంటే నలిగిపోతాయండి," అన్నారు మావయ్యగారు.

"మరి మీరు నలిగిపోతేనండీ?"

"నాలాంటోళ్లు బోల్డుమంది ఉన్నారండి. ఇలాంటి బెల్టులు దొరకవండి."

కానిస్టేబుల్ దగ్గరుండి పెట్టించాడు. బెల్టు సాగిపోతుందన్న భయంతో మావయ్యగారు ఇంటిదాకా పొట్ట లోపలికి పీల్చుకునే కారు నడిపారు.