ఆరు గదుల రివాల్వర్, ఒక్క గది కొలత

2007 చలికాలం. న్యూజిలాండ్‌లోని ఇన్వర్‌కార్గిల్‌లో పొద్దున తొమ్మిదైనా కారు అద్దాల మీద మంచు కరగని రోజులు. అక్కడి పాలిటెక్నిక్‌లో చదువుకోవడానికి వచ్చిన నేను చదువయ్యాక ఒక గన్‌స్మిత్ దగ్గర, అంటే తుపాకులు బాగుచేసే షాపులో, మెషినిస్టుగా కుదిరాను. మనవాళ్ళు తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్ భోజనాల్లో "ఏం చేస్తున్నావు బాబూ?" అని అడిగినవాళ్ళు నా జవాబు విని పులిహోర ప్లేటుతో సహా పక్కకు జరిగేవాళ్ళు. నిజానికి ఆ ఊళ్ళో మాది సైకిలు షాపు లాంటిదే. జింకల వేటకు వెళ్ళేవాళ్ళూ, కుందేళ్ళతో విసిగిపోయిన రైతులూ మా ఖాతాదారులు. రివాల్వర్ల కథ మాత్రం వేరు. పిస్టల్ క్లబ్బు సభ్యులకే అనుమతి, అదీ క్లబ్బు రేంజిలో కాల్చడానికే.

అలాంటి సభ్యుల్లో మన తెలుగావిడ ఒకరుండేవారు. విజయ ఆంటీ. గుంటూరు మనిషి, ఏదో కంపెనీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆఫీసులో పరిచయమైన జోన్ అనే కివీ ఆవిడ సరదాగా ఒకసారి క్లబ్బుకు తీసుకెళితే, ఆంటీ అక్కడే పాతుకుపోయారు. బుల్లెట్లు కూడా సొంతంగా పోత పోసుకునేవారు. గరాజ్‌లో సీసం కరిగించి, అచ్చులో పోసి, ఇడ్లీలు తీసినట్టు తీసేవారు. ఇలాంటివాటిని కాస్ట్ బుల్లెట్లు అంటారు. వీటికి రాగి తొడుగు ఉండదు, వట్టి సీసం మిశ్రమం. అందుకే వీటి లావు తుపాకీకి సరిగ్గా కుదరాలి. అంగుళంలో వెయ్యో వంతును మేం 'థౌ' అంటాం. ఒకటి రెండు థౌలు అటూ ఇటూ అయినా గొడవే.

ఆ గొడవ ఒక బుధవారం షాపులోకి వచ్చింది. తాళం వేసిన పెట్టెను ఆంటీ కౌంటర్ మీద పెట్టి, తాళం తీసి నా వైపు జరిపారు.

"పోయిన శనివారం నా రివాల్వర్లోంచి సీసం పెళ్ళ ఎగిరి పక్కన నిలబడ్డ జోన్ చెంపకి తగిలింది, శేఖర్. అద్దాలు పెట్టుకునే ఉంది. అద్దం అంచు కిందే కోసుకుపోయింది. ఇంకొంచెం పైకైతే కన్నే పోయేదిట."

"ఇప్పుడెలా ఉన్నారు?"

"కుట్లేశారు. ఫోన్ చేసింది రెండుసార్లు. నేనే ఎత్తలేదు. ఏ మొహం పెట్టుకుని ఎత్తను?"

వచ్చే శనివారం క్లబ్బు కమిటీ కూర్చుంటుంది. తప్పు ఆంటీదని తేలితే సభ్యత్వం పోతుంది, దానితోపాటే రివాల్వర్ ఉంచుకునే అనుమతీ పోతుంది. తుపాకీదని తేలితే బాగుచేయించుకుని మళ్ళీ రావచ్చు. అది తేల్చి చెప్పాల్సింది మా షాపు. మా యజమాని గ్రాహం మోకాలి ఆపరేషన్ అయి ఇంట్లో పడుకున్నాడు. కాబట్టి చెప్పాల్సింది నేను.

రివాల్వర్ మధ్యలో గుండ్రంగా తిరిగే భాగం సిలిండర్. అందులో ఆరు గదులు. ఒక్కో గదీ వంతు వచ్చినప్పుడు ముందున్న గొట్టానికి, అంటే బారెల్‌కు, ఎదురుగా వచ్చి నిలుస్తుంది. ఆ నిలవడంలో వెంట్రుకవాసి తేడా వచ్చినా బుల్లెట్ బారెల్ అంచుకు గీసుకుని, సీసం పక్కలకు చిమ్ముతుంది. నాకూ మొదట అదే అనుమానం. అదే నిజమైతే తప్పు తుపాకీదే.

రేంజ్ రాడ్ తీశాను. బారెల్ ముందునుంచి దూర్చి, గది సరిగ్గా ఎదురుగా ఉందో లేదో చూసే ఉక్కు కడ్డీ అది. తగిలితే తేడా ఉన్నట్టు. ఒకటో గదిలోకి నున్నగా వెళ్ళింది. రెండో గదిలోకీ వెళ్ళింది. ఆంటీ నా చేతుల్నే చూస్తున్నారు. ఆరూ అయిపోయాయి. ఎక్కడా తగల్లేదు.

"అంటే?" అన్నారు ఆంటీ.

"లైను బాగానే ఉందండీ."

ఆవిడ ముఖం పాలిపోయింది.

బారెల్లోకి దీపం వేసి చూస్తే లోపల సీసం బెరడు కట్టి ఉంది. బారెల్ మొదట్లో మరీ మందంగా పేరుకుంది. బుల్లెట్ సన్నగా ఉంటే ఇలా జరుగుతుంది. వెనకాల మండే వాయువు సందు చూసుకుని పక్కలనుంచి దూసుకుపోతూ సీసాన్ని కరిగిస్తుంది. కరిగింది బారెల్‌కు అంటుకుంటుంది. ఆ తరువాత వచ్చే ప్రతి బుల్లెట్టూ ఆ గారకు గీసుకుంటూ పోతుంది, సిలిండర్‌కూ బారెల్‌కూ మధ్య ఉన్న సందులోంచి పెళ్ళలు పక్కలకు ఎగురుతాయి. చాలామందికి ఇది తలకిందులుగా తోస్తుంది. సీసం చిమ్ముతోందంటే బుల్లెట్ లావైందనుకుని ఇంకా సన్నం చేస్తారు.

"మీ బుల్లెట్లు ఎంత లావు చేస్తున్నారు?"

"మూడొందల యాభై ఆరు థౌలు. ఊరికే అనుకోలేదయ్యా, కొలిచే చేశా. ఇదివరకు మూడొందల యాభై ఎనిమిది చేసేదాన్ని. లోడ్ చేస్తుంటే ఒకచోట బిగుసుకుపోయేది, బొటనవేలు నొప్పెట్టేది. అందుకని సీసం ముక్క తోసి కొలుచుకున్నా."

"ఎక్కడ కొలిచారు?"

"ఆ బిగుసుకున్న గదిలోనే."

"మిగతా అయిదూ?"

ఆంటీ నా వంక వింతగా చూశారు. "ఒకే ఫ్యాక్టరీ, ఒకే సిలిండర్. అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు చాలదా?"

పిన్ గేజ్‌లు తెచ్చాను. లావు కచ్చితంగా తెలిసిన ఉక్కు పిన్నులవి. ప్రతి గదికీ ముందువైపు థ్రోట్, అంటే గొంతు లాంటి సన్నని భాగం ఉంటుంది. బుల్లెట్ దానిలోంచే బారెల్లోకి దూకాలి. కాస్ట్ బుల్లెట్ లావును ఎంచుకోవలసింది ఆ గొంతుల్ని బట్టే. వేలితో తోస్తే కొంచెం బిగువుగా దిగాలి. బారెల్ లోపల చెక్కిన గాడుల కొలత కంటే మాత్రం సన్నగా ఉండకూడదు. అయిదు గొంతుల్లో యాభై ఎనిమిది పిన్ను హాయిగా దిగింది. ఆరోదానిలో ససేమిరా అంది. యాభై ఆరే పట్టింది. బారెల్ గాడులు చూస్తే యాభై ఏడు. అంటే ఆంటీ చేసిన బుల్లెట్లు ఇరుకు గదికి తప్ప ఇంక దేనికీ సరిపోవు.

ఉడికిన అన్నానికి మెతుకు చాలు. ఇక్కడ ఆరు పొయ్యిల మీద ఆరు కుండలున్నాయి. తయారీలో ఏ గొంతు దగ్గర, దాన్ని తొలిచే రీమర్ అరిగిందో ఎవరికి తెలుసు?

ఆంటీ స్టూలు మీద కూర్చుండిపోయారు. గొంతు తగ్గించి అన్నారు, "ఒక గది ఇరుగ్గా ఉందిగా శేఖర్. అది ఫ్యాక్టరీ తప్పేగా? కమిటీకి అంతవరకు చెప్పు. అబద్ధం కూడా కాదు."

నిజమే, అబద్ధం కాదు. పండగలకు ఇంటికి పిలిచి గోంగూర వడ్డించిన మనిషి అడుగుతున్నారు. తల ఊపేస్తే పోయేది. కానీ ఆ సగం మాట విని రేపు ఇంకొకరు ఇంకో రివాల్వర్లో ఒక్క గదే కొలిస్తే?

"అడిగితే ఉన్నదంతా చెప్తానండీ. ఇరుకు గది సంగతీ చెప్తాను, అయిదు గదులు కొలవని సంగతీ చెప్తాను."

"మనవాళ్ళని ఇందుకే నమ్మకూడదు," అన్నారు ఆంటీ. లేచి తలుపు దాకా వెళ్ళారు. తలుపు తీసి, చలిగాలి షాపంతా నిండాక, వెనక్కి తిరగకుండానే, "బాగు చేసి పెట్టు" అని వెళ్ళిపోయారు. ఆ మాట నాకు గుచ్చుకుంది. ఇప్పటికీ మరిచిపోలేదు.

మర్నాడు ఇరుకు గొంతును రీమ్ చేశాను, అంటే పళ్ళున్న కడ్డీని చేత్తో తిప్పుతూ లోపలినుంచి సన్నగా గీకి పెద్దది చేశాను. తీసిన లోహం మళ్ళీ రాదు. ఎక్కువ గీకితే సిలిండరే పారేయాలి. పావు చుట్టు తిప్పడం, తుడవడం, పిన్ను పెట్టి చూడడం. గుడిలో ప్రదక్షిణం చేసేవాడు కూడా అంత నెమ్మదిగా తిరగడు. చివరికి యాభై ఎనిమిది పిన్ను చిన్న బిగువుతో దిగింది. అప్పుడుగానీ చొక్కా చెమటతో తడిసిందని తెలియలేదు, అదీ ఆ చలిలో. బారెల్లోని గారంతా గీకేశాను.

శనివారం క్లబ్బులో కమిటీవాళ్ళు నన్ను పిలిచారు. నేను లేచేలోపే ఆంటీ లేచారు. "గదుల్లో ఒకటి ఇరుగ్గా ఉంది. అది తుపాకీ లోపం. దానొక్కదాన్నే కొలిచి, అన్నిటికీ బుల్లెట్లు సన్నం చేశాను. అది నా లోపం. జోన్‌కు దెబ్బ తగిలింది నా బుల్లెట్లవల్లే," అని ఇంగ్లీషులో గబగబా చెప్పి కూర్చున్నారు. నాకు చెప్పడానికేమీ మిగల్లేదు. ఆవిడ తానే ఒప్పుకున్నారు కాబట్టి, తుపాకీ పరీక్షలో నెగ్గితే సభ్యత్వం ఉంటుందని కమిటీ తేల్చింది.

రివాల్వర్‌ను స్టాండుకు బిగించి, సిలిండర్‌కు రెండు పక్కలా తెల్ల అట్టలు నిలబెట్టాను. దగ్గర్లో ఎవరినీ ఉండనివ్వలేదు. నేను చెప్పిన ప్రకారం ఆంటీ కొత్తగా మూడొందల యాభై ఎనిమిది థౌల లావుతో చేసిన బుల్లెట్లు ఆరు గదుల్లోనూ నింపి కాల్చాను. అట్టల మీద మసి పడింది. సీసం చిల్లు ఒక్కటి లేదు. మళ్ళీ కాల్చాను. మసే.

తరువాత ఆంటీ వంతు. ఆవిడ గురిచూసే చోటికి నడిచారు. ఆవిడ పక్క చోటికి ఎవరూ వెళ్ళలేదు. అందరూ వెనకే ఉండిపోయారు. అప్పుడు జోన్ కుర్చీలోంచి లేచింది. చెంప మీద ఇంకా ప్లాస్టర్ ఉంది. చెవులకు మోత తగ్గించే మఫ్స్ తగిలించుకుని, అద్దాలు సర్దుకుని, పోయిన వారం తాను నిలబడిన చోటుకే వెళ్ళి నిలబడింది.

ఆంటీ రివాల్వర్ దించేశారు. "జోన్, నువ్వు వెనక్కి వెళ్ళు. నావల్ల కాదు."

"ఆరూ కొలిచారా?" అని అడిగింది జోన్.

ఆంటీ నా వైపు తిరిగారు. నేను తల ఊపాను.

"ఆరూ కొలిచాం," అన్నారు ఆంటీ.

"అయితే కాల్చు. చలిగా ఉంది, టీ తాగాలి."

ఆంటీ కాల్చారు. ఒకదాని తరువాత ఒకటి ఆరూ. జోన్ పక్కకు తిరగలేదు, రెప్ప కూడా వేయలేదేమో. నేను మాత్రం ప్రతి మోతకూ కళ్ళు మూసుకున్నాను. కొలిచింది నేను, గీకింది నేను. అయినా మూసుకున్నాను.

ఆ రోజునుంచి ఎవరొచ్చి ఏ లావు బుల్లెట్ వాడాలని అడిగినా నేను వెంటనే అంకె చెప్పను. సిలిండర్ మొత్తం తెమ్మంటాను. తెచ్చాక, మీరు కాల్చేటప్పుడు పక్కన ఎవరు నిలబడతారని కూడా అడుగుతాను. దానికీ కొలతకూ ఏం సంబంధమని కొందరు నవ్వుతారు. నవ్వనీ. వాళ్ళు ఆ మనిషి పేరు చెప్పేదాకా నేను పిన్ను చేతిలోకి తీసుకోను.